ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ విద్య - అభ్యసన లక్ష్యాలు: పెద్దపల్లి జిల్లా నేపథ్యంలో వివరణ

(పాత్రికేయులు, విద్యా మరియు క్రీడా శాఖల అధికారుల సమాచార నిమిత్తం ప్రత్యేక వ్యాసం)

పెద్దపల్లి: పదవ తరగతి పూర్తి చేసిన విద్యార్థి మార్కుల పత్రంలో భాషలు, గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రాలతో పాటు సహపాఠ్య అంశాల గ్రేడ్లు కూడా నమోదవుతాయి. విలువల విద్య - జీవన నైపుణ్యాలు, కళా సాంస్కృతిక విద్య, పని - కంప్యూటర్ విద్య, వ్యాయామ - ఆరోగ్య విద్య అనునవి ఆ అంశాలు. గణితంలో ఇచ్చిన గ్రేడుకు ఆధారంగా జవాబు పత్రం ఉంటుంది. వ్యాయామ విద్యలో ఇచ్చిన గ్రేడుకు ఆధారం ఏమిటి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలిగేవి అభ్యసన లక్ష్యాలు మాత్రమే. ఏ తరగతి పూర్తయ్యే నాటికి విద్యార్థి ఏమి చేయగలగాలి, ఏమి తెలుసుకోవాలి, ఎట్లా మెలగాలి అనే మూడు విషయాలను ముందుగా నిర్ణయించుకోనిదే వ్యాయామ విద్యను బోధించడం గానీ, మదింపు చేయడం గానీ, తనిఖీ చేయడం గానీ సాధ్యం కాదు. ఈ విషయంలో అమలులో ఉన్న చట్టాలు, విధాన పత్రాలు, క్షేత్రస్థాయి అవసరాలను క్రోడీకరించి ఈ వ్యాసంలో వివరించడమైనది.

జిల్లా స్వరూపం

పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి 2016 అక్టోబర్ 11న పెద్దపల్లి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. పెద్దపల్లి, మంథని రెవెన్యూ డివిజన్లు, 14 మండలాలు గల ఈ జిల్లా పరిధిలో 2011 జనాభా లెక్కల ప్రకారం 7,95,332 మంది నివసిస్తున్నారు. జిల్లాలో రెండు భిన్నమైన పరిస్థితులు కనిపిస్తాయి. రామగుండం, గోదావరిఖని, జ్యోతినగర్ వంటి పారిశ్రామిక ప్రాంతాలలో బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం కారణంగా ఏర్పడిన కాలనీలు, వాటికి అనుబంధంగా క్రీడా మైదానాలు ఉన్నాయి. గోదావరిఖనిలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఇందుకు ఉదాహరణ. మరొకవైపు మంథని, ముత్తారం, ఓదెల, జూలపల్లి, ఎలిగేడు వంటి వ్యవసాయ ప్రధాన మండలాలలో గ్రామీణ బాలబాలికలకు పాఠశాల ఆవరణే ప్రధానమైన ఆటస్థలం. కావున జిల్లాలో నిర్ణయించుకునే లక్ష్యాలు స్టేడియం పక్కనున్న పాఠశాలకూ, ఊరి చివరనున్న పాఠశాలకూ సమానంగా వర్తించేవిగా ఉండాలి. ఖరీదైన సామగ్రి ఉంటే తప్ప నెరవేరని లక్ష్యం ఈ జిల్లాలో అందరికీ ఉపయోగపడే లక్ష్యం కాజాలదు.

చట్టపరమైన, విధానపరమైన నేపథ్యం

వ్యాయామ విద్య ఐచ్ఛికం అనే భావన సరికాదు. 1986 జాతీయ విద్యా విధానం క్రీడలను, వ్యాయామ విద్యను అభ్యసన ప్రక్రియలో అంతర్భాగంగా గుర్తించి, విద్యార్థి ప్రగతి మూల్యాంకనంలో వాటిని చేర్చాలని పేర్కొంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం - 2005 ఆరోగ్య, వ్యాయామ విద్యను పదవ తరగతి వరకు తప్పనిసరి విషయంగా ఉంచాలని సూచించింది. ఆ చట్రాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం వెలువడింది. పాఠ్యపుస్తకాల మార్పు, నిరంతర సమగ్ర మూల్యాంకనం, సహపాఠ్య అంశాలకు గ్రేడ్లు ఇవ్వడం మొదలైన సంస్కరణలు దాని కొనసాగింపుగా వచ్చినవే.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం - 2009 ఈ విషయంలో అత్యంత ముఖ్యమైనది. చట్టంలోని 29వ సెక్షన్ బాలల శారీరక, మానసిక సామర్థ్యాలను సంపూర్ణంగా పెంపొందించడం పాఠ్యప్రణాళిక బాధ్యతగా పేర్కొన్నది. చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలి. ప్రతి తరగతికి అవసరమైన ఆట వస్తువులు, క్రీడా సామగ్రి సమకూర్చాలి. 6 నుండి 8 తరగతులలో విద్యార్థుల సంఖ్య 100కు మించినచో కళా విద్య, ఆరోగ్య - వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్ టైం బోధకులు ఉండాలి. అనగా వ్యాయామ విద్య ప్రధానోపాధ్యాయుని అభీష్టంపై ఆధారపడిన కార్యక్రమం కాదు, చట్టబద్ధమైన హక్కులో భాగం.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2019లో వెలువరించిన మాధ్యమిక స్థాయి అభ్యసన ఫలితాల పత్రంలో ఇతర విషయాలతో పాటు ఆరోగ్య, వ్యాయామ విద్యకు కూడా స్థానం కల్పించారు. జాతీయ విద్యా విధానం - 2020 క్రీడలతో మేళవించిన అభ్యసనాన్ని ప్రోత్సహించింది. 2023లో వెలువడిన పాఠశాల విద్య జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వ్యాయామ విద్య - శ్రేయస్సును ప్రత్యేక పాఠ్య విభాగంగా పరిగణించి లక్ష్యాలను, సామర్థ్యాలను దశలవారీగా వివరించింది. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన అనుబంధ పాఠశాలలలో 9 నుండి 12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను 2018లో తప్పనిసరి చేసి రోజుకొక పీరియడును నిర్దేశించింది. అంతర్జాతీయంగా చూసినచో ఐక్యరాజ్య సమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ (యునెస్కో) 1978లోనే వ్యాయామ విద్యను ప్రతి వ్యక్తి ప్రాథమిక హక్కుగా ప్రకటించి, ఆ ప్రకటనను 2015లో సవరించింది.

ఆటల పీరియడు వేరు, వ్యాయామ విద్య వేరు

మన ప్రాంతంలో వ్యాయామ ఉపాధ్యాయుని నేటికీ 'డ్రిల్లు సారు' అని పిలవడం వాడుకలో ఉంది. ఉదయపు ప్రార్థన సమావేశం, క్రమశిక్షణ, జాతీయ పండుగల నాటి కవాతు, మండల స్థాయి పోటీలకు జట్టును తీసుకుపోవడం వరకే ఆయన బాధ్యత అనే అభిప్రాయం ఆ పిలుపులో ఇమిడి ఉంది. ఇవన్నీ అవసరమైన పనులే అయినప్పటికీ ఇవి మాత్రమే వ్యాయామ విద్య కాజాలవు.

బంతి ఇచ్చి విద్యార్థులను మైదానంలోకి పంపినప్పుడు ఇరవై మంది చురుకైన పిల్లలు ఆడుతారు, మిగిలినవారు గట్టుపై కూర్చుంటారు. అది ఆటల పీరియడు. అదే సమయంలో తరగతిలోని ప్రతి విద్యార్థి ఏదో ఒక నైపుణ్యాన్ని అభ్యసించి, గత వారం కంటే ఏ మేరకు మెరుగుపడినదీ ఉపాధ్యాయుడు గమనించి నమోదు చేసినప్పుడు అది వ్యాయామ విద్య అవుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా లక్ష్య నిర్దేశంలోనే ఉంది. లక్ష్యం లేని పీరియడును ఇతర విషయాలకు కేటాయించడం తేలిక. ముఖ్యంగా జనవరి తరువాత పదవ తరగతి విద్యార్థులకు ఆటల పీరియడులో పునశ్చరణ తరగతులు నిర్వహించే అలవాటు పలుచోట్ల కనిపిస్తుంది. ఆ పీరియడులో విద్యార్థి కోల్పోతున్నది ఏమిటో రాతపూర్వకంగా లేనప్పుడు ఆ నష్టం ఎవరి దృష్టికీ రాదు.

లక్ష్యాన్ని ఎట్లా రాయాలి

"విద్యార్థి క్రీడలయందు ఆసక్తి కనబరచును" అనే వాక్యం లక్ష్యంగా చెల్లదు. దానిని చూడటానికి గానీ, కొలవటానికి గానీ వీలులేదు. "8వ తరగతి విద్యార్థి కబడ్డీలో బాల్క్ లైనుకు, బోనస్ లైనుకు గల తేడాను చెప్పి, కూతకు వెళ్లి బాల్క్ లైను దాటి 30 సెకన్లలోపు తిరిగి రాగలడు" అనే వాక్యం సరైన లక్ష్యం. ఇందులో తెలుసుకోవలసిన విషయం, చేయవలసిన పని, గమనించదగిన ప్రమాణం మూడూ ఉన్నాయి. దీనికి సున్నపు గీతలు గీసిన నేల తప్ప మరే సామగ్రి అవసరం లేదు.

ఆరు ప్రధాన లక్ష్యాలు

పైన పేర్కొన్న జాతీయ పత్రాల దృక్పథాన్ని అనుసరించి ఉన్నత పాఠశాల స్థాయిలో వ్యాయామ విద్య లక్ష్యాలను ఆరు విధాలుగా విభజించుకోవచ్చు. ఇది అవగాహన కొరకు చేసిన వర్గీకరణ మాత్రమే, ఉత్తర్వు కాదు.

1. శారీరక దారుఢ్యం: గుండె, ఊపిరితిత్తుల ఓర్పు, కండరాల బలం, కీళ్ల వంపుదనం, వేగం. విద్యార్థి తన స్థాయిని తానే తెలుసుకొని మెరుగుపరచుకోగలగాలి.

2. చలన నైపుణ్యాలు: పరుగు, దూకుడు, విసురు, పట్టు, తన్ను, సమతౌల్యం వంటి మౌలిక కదలికలు. వీటిని ఆటలో సందర్భానుసారంగా ఉపయోగించగలగాలి.

3. ఆటల అవగాహన: నియమాలు, వ్యూహం, అంపైరింగ్, స్కోరు నమోదు.

4. ఆరోగ్య పరిజ్ఞానం: ఆహారం, నిద్ర, పరిశుభ్రత, కౌమార దశ మార్పులు, ప్రథమ చికిత్స, మత్తు పదార్థాల వలన కలిగే హాని.

5. వ్యక్తిగత, సామాజిక ప్రవర్తన: ఓటమిని అంగీకరించడం, ప్రత్యర్థిని గౌరవించడం, జట్టులో బలహీనులను కలుపుకొనిపోవడం, కుల మత లింగ భేదం లేకుండా ఆడటం.

6. జీవితకాలపు అలవాటు: పాఠశాల విడిచిన తరువాత కూడా కొనసాగించగల ఒక్క ఆటనైనా, వ్యాయామాన్నైనా అలవరచుకోవడం.

వీటిలో ఆరవదానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 5 నుండి 17 ఏళ్ల వయసు వారు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒక మోస్తరు నుండి తీవ్రమైన శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో సూచించింది. అనగా వారానికి 420 నిమిషాలు. వారానికి 45 నిమిషాల పీరియడ్లు మూడు సక్రమంగా జరిగినా 135 నిమిషాలే అవుతుంది. ఇది అవసరమైన దానిలో మూడవ వంతు కంటే తక్కువ. మిగిలిన భాగం ఇంటి వద్ద, వీధిలో, ఊరి మైదానంలో జరగవలసిందే. 11 నుండి 17 ఏళ్ల వయసు గల కౌమారులలో 81 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2016 నాటి గణాంకాల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో వెల్లడించారు. పీరియడులో ఆడించడంతో పాటు పీరియడు వెలుపల ఆడుకునే అలవాటు నేర్పడం కూడా లక్ష్యంగా ఉండవలసిన అవసరం ఇక్కడే స్పష్టమవుతున్నది.

తరగతుల వారీగా ఆశించదగిన సామర్థ్యాలు

6, 7 తరగతులు: ఈ దశలో ఒకే ఆటలో ప్రావీణ్యం కంటే అనేక ఆటల పరిచయం ముఖ్యం. చిర్రగోనె, గోలీలు, తొక్కుడుబిళ్ల, కోతికొమ్మచ్చి వంటి స్థానిక ఆటలలో గురి, సమతౌల్యం, చురుకుదనం సహజంగానే అలవడుతాయి. బతుకమ్మ, కోలాటాలలో లయబద్ధమైన అడుగులు, సామూహిక కదలిక ఉన్నాయి. వీటిని వ్యాయామ విద్యలో భాగంగా పరిగణించడం వలన ఖర్చు లేకుండానే లక్ష్యాలు నెరవేరుతాయి. ఏడవ తరగతి పూర్తయ్యే నాటికి విద్యార్థి సన్నాహక వ్యాయామాలను సరైన వరుసలో చేయగలగాలి. బంతిని రెండు చేతులతోనూ విసిరి పట్టుకోగలగాలి. ఖోఖోలో కూర్చున్న ఆటగాళ్లు పక్కపక్కన ఎదురు దిక్కులకు ముఖం పెట్టి ఎందుకు కూర్చుంటారో చెప్పగలగాలి.

8వ తరగతి: కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్‌లలో కనీసం రెండింటిలో మౌలిక నైపుణ్యాలు ప్రదర్శించగలగాలి. తోటి విద్యార్థుల ఆటకు స్కోరు నమోదు చేయగలగాలి. తన ఎత్తు, బరువు కొలిచి శరీర ద్రవ్యరాశి సూచికను లెక్కగట్టగలగాలి. ఈ చివరి అంశం గణితంతో, జీవశాస్త్రంతో కూడా ముడిపడి ఉన్నది.

9, 10 తరగతులు: విద్యార్థి 15 సెకన్ల నాడిని లెక్కించి నాలుగుతో గుణించి నిమిషపు నాడి రేటును చెప్పగలగాలి. శ్రమకు ముందు, తరువాత నాడిలో వచ్చిన మార్పును వివరించగలగాలి. మాట్లాడగలిగీ పాడలేనంత శ్రమ ఒక మోస్తరు శ్రమ అని, ఊపిరి తీసుకోకుండా కొన్ని మాటలకు మించి మాట్లాడలేనంత శ్రమ తీవ్రమైన శ్రమ అని గుర్తించగలగాలి. నాలుగు వారాల వ్యక్తిగత వ్యాయామ ప్రణాళికను తానే తయారుచేసుకొని అమలు చేయగలగాలి. బెణుకు, రక్తస్రావం, వడదెబ్బలకు ప్రథమ చికిత్స చేయగలగాలి. కింది తరగతుల పోటీకి అంపైరుగా వ్యవహరించగలగాలి.

మదింపు: పోలిక తనతో తనకే

2019 ఆగస్టు 29న ప్రారంభమైన ఫిట్ ఇండియా ఉద్యమంలో, ఖేలో ఇండియా కార్యక్రమంలో భాగంగా పాఠశాల విద్యార్థుల దారుఢ్య పరీక్షలు నిర్దేశించబడినవి. 9 నుండి 18 ఏళ్ల వయసు వారికి శరీర ద్రవ్యరాశి సూచిక, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చొని ముందుకు వంగి అందుకోవడం, పొత్తికడుపు కండరాల పరీక్ష, బాలురకు పుషప్‌లు, బాలికలకు సవరించిన పుషప్‌లు ఇందులో ఉన్నాయి.

ట్రాకు లేదనే కారణంతో 600 మీటర్ల పరీక్షను విరమించుకోవలసిన అవసరం లేదు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం చుట్టుకొలత 120 మీటర్లు. దాని చుట్టూ 5 చుట్లు తిరిగినచో 600 మీటర్లు పూర్తవుతుంది. మూలమలుపుల వద్ద వేగం తగ్గుతుంది గనుక ఈ ఫలితాన్ని ట్రాకుపై వచ్చిన ఫలితాలతో పోల్చరాదు. అదే స్థలంలో అదే విద్యార్థి జూలైలో, నవంబరులో, ఫిబ్రవరిలో సాధించిన ఫలితాలను పోల్చినప్పుడు మాత్రం అది విశ్వసనీయమైన సమాచారమే.

దారుఢ్య పరీక్ష ఫలితమే గ్రేడు కారాదు. ఎత్తుగా, బలంగా పుట్టిన విద్యార్థికి శ్రమ లేకుండానే మంచి గ్రేడు, శరీరం బలహీనంగా ఉన్నవారికి ఎంత శ్రమించినా తక్కువ గ్రేడు వచ్చే విధానం విద్యాపరంగా న్యాయమైనది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే - 5 ప్రకారం రాష్ట్రంలో 15 - 49 ఏళ్ల మహిళలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. 600 మీటర్ల పరుగులో ఒక బాలిక ఆగిపోయినప్పుడు అది సోమరితనమని నిర్ణయించేముందు ఆమెకు రక్తపరీక్ష జరిగినదా, ఇనుము - ఫోలిక్ ఆమ్లం మాత్రలు అందుతున్నవా అని విచారించాలి. ఆ విధంగా వ్యాయామ ఉపాధ్యాయుని నమోదు పుస్తకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి కూడా ఉపయోగపడే ఆధారమవుతుంది. కావున గ్రేడులో పాల్గొనడం, మెరుగుదల, అవగాహన, ప్రవర్తనలకు తగిన వాటా ఉండాలి.

మైదానం, సామగ్రి

పూర్తి మైదానం లేని పాఠశాలలో కూడా ఆటలు సాధ్యమేనని ఈ కొలతలు తెలియజేస్తాయి. పురుషుల కబడ్డీ కోర్టు 13 x 10 మీటర్లు, మహిళలది 12 x 8 మీటర్లు, సబ్ జూనియర్లది 11 x 8 మీటర్లు. వాలీబాల్ కోర్టు 18 x 9 మీటర్లు. ఖోఖో కోర్టు 27 x 16 మీటర్లు. చుట్టూ కొంత ఖాళీ స్థలం అదనంగా ఉండాలి. ఒక వాలీబాల్ కోర్టు స్థలంలోనే సబ్ జూనియర్ కబడ్డీ కోర్టును గీయవచ్చు.

సమగ్ర శిక్ష పథకంలో క్రీడా సామగ్రి నిమిత్తం ప్రభుత్వ పాఠశాలలకు ఏటా ప్రాథమిక స్థాయిలో రూ.5,000, ప్రాథమికోన్నత స్థాయిలో రూ.10,000, మాధ్యమిక స్థాయిలో రూ.25,000 వరకు గ్రాంటుకు వీలు కల్పించారు. ఈ మొత్తాన్ని లక్ష్యాలకు అనుగుణంగా ఖర్చు చేయడం ముఖ్యం. ఒకే ఒక్క ఖరీదైన క్రికెట్ కిట్టు పదకొండు మందికి ఉపయోగపడితే, అదే ధరకు లభించే బంతులు, స్కిప్పింగ్ తాళ్లు, రింగులు, కొలత టేపు, స్టాప్ వాచ్ తరగతి మొత్తానికి ఉపయోగపడుతాయి. సామగ్రి బీరువాలో భద్రంగా ఉండటం కంటే వాడి అరిగిపోవడమే ఆ గ్రాంటు సద్వినియోగానికి గుర్తు. 2022 జూన్ 2 నుండి గ్రామాలలో ఏర్పాటు చేసిన క్రీడా ప్రాంగణాలు పాఠశాలకు సమీపంలో ఉన్నచోట గ్రామ పంచాయతీ సమన్వయంతో వాటిని కూడా వినియోగించుకోవచ్చు.

బాలికల భాగస్వామ్యం

ఏడవ తరగతి వరకు ఉత్సాహంగా ఆడిన బాలికలు తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి మైదానానికి దూరమవడం తరచుగా గమనించే విషయం. ఆసక్తి తగ్గడం దీనికి ప్రధాన కారణం కాదు. అనుకూలమైన దుస్తులు లేకపోవడం, మరుగుదొడ్డి, నీటి వసతి, రుతుక్రమంపై సంకోచం, బాలురు మైదానమంతా ఆక్రమించడం, ఆలస్యమైతే ఇంటికి చేరే ప్రయాణం గురించి తల్లిదండ్రుల ఆందోళన అసలు కారణాలు. వీటిలో చాలా వరకు పాఠశాల స్థాయిలోనే పరిష్కరించదగినవి. వారంలో నిర్ణీత రోజులలో మైదానాన్ని బాలికలకే కేటాయించడం, సాధనను పాఠశాల సమయంలోనే ముగించడం, మహిళా ఉపాధ్యాయురాలిని తోడుగా నియమించడం వలన ఫలితం ఉంటుంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో, గురుకులాలలో విద్యార్థినులు అక్కడే నివసిస్తారు గనుక ఉదయం, సాయంత్రం సాధనకు అవకాశం ఎక్కువ. శిక్షణ సమయంలో శరీరాన్ని తాకవలసిన సందర్భాలలో ముందుగా చెప్పి, అనుమతితో, ఇతరుల సమక్షంలో మాత్రమే చేయడం పోక్సో చట్టం - 2012 నేపథ్యంలో పాటించవలసిన జాగ్రత్త.

ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులు

దివ్యాంగుల హక్కుల చట్టం - 2016లోని 30వ సెక్షన్ క్రీడా కార్యకలాపాలలో దివ్యాంగులకు సమాన అవకాశాలు కల్పించడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొన్నది. 'ఆటల నుండి మినహాయింపు' అనేది ప్రత్యేక అవసరాలు గల విద్యార్థికి చేసే మేలు కాదు. నియమాలను, దూరాలను, సామగ్రిని మార్చి అదే ఆటలో చోటు కల్పించడమే సరైన పద్ధతి. ఉమ్మడి వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి మేధోపరమైన వైకల్యాన్ని అధిగమించి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల టీ-20 విభాగం 400 మీటర్ల పరుగులో 55.82 సెకన్లతో కాంస్య పతకం సాధించారు. ఆమె పరుగులోని ప్రతిభను తొలుత గుర్తించింది పాఠశాలలోనే. ఆ పాఠశాలలో ఆమెకు మినహాయింపు ఇచ్చి కూర్చోబెట్టి ఉంటే ఆ పతకం ఉండేది కాదు. మండలాలలోని భవిత కేంద్రాల ఉపాధ్యాయుల సహకారంతో వ్యాయామ ఉపాధ్యాయులు వ్యక్తిగత లక్ష్యాలు రూపొందించవచ్చు.

వాతావరణం, భద్రత

రామగుండం రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతలు అధికంగా నమోదయ్యే ప్రాంతాలలో ఒకటి. కావున మార్చి నెల మధ్య నుండి ఒంటిపూట బడులు మొదలైన తరువాత కఠినమైన వ్యాయామాలను తొలి పీరియడులోనే ముగించాలి. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే పరుగు పరీక్షలు నిర్వహించరాదు. తాగునీరు, నీడ అందుబాటులో లేనిచోట దారుఢ్య పరీక్షలు పెట్టరాదు. తలనొప్పి, వాంతి, తడబాటు, చెమట ఆగిపోవడం వంటి వడదెబ్బ లక్షణాలను ప్రతి విద్యార్థీ గుర్తించగలగడం ఈ జిల్లాలో తప్పనిసరి అభ్యసన లక్ష్యంగా ఉండదగినది. గనుల పరిసర ప్రాంతాలలో దుమ్ము అధికంగా ఉన్న రోజులలో ఆస్తమా గల విద్యార్థులకు యోగా, చదరంగం వంటి ప్రత్యామ్నాయాలను గది లోపల నిర్వహించవచ్చు. గోదావరి, మానేరు నదులు, శ్రీరాంసాగర్ కాలువలు, చెరువులు ఉన్న జిల్లా అయినందున ఈత రాకున్నా నీటి ప్రమాదాలపై అవగాహన అందరికీ అవసరం. మునిగిపోతున్నవారిని కాపాడేందుకు తాను నీటిలో దూకరాదని, తాడు, కర్ర లేదా దుస్తులు అందించాలని, పెద్దలను పిలవాలని ఆరవ తరగతి విద్యార్థికి తెలిసి ఉండాలి.

ఉపాధ్యాయుల అంశం

వ్యాయామ ఉపాధ్యాయుల నియామకానికి వ్యాయామ విద్యలో డిప్లొమా లేదా డిగ్రీ అర్హత తప్పనిసరి. రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి 29న వెలువడిన 11,062 ఉపాధ్యాయ పోస్టుల డీఎస్సీ ప్రకటనలో వ్యాయామ ఉపాధ్యాయుల (పీఈటీ) పోస్టులు 182 ఉన్నాయి. నియామక పత్రాలను 2024 అక్టోబరు 9న హైదరాబాద్‌లోని లాల్ బహదూర్ స్టేడియంలో అందజేశారు. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని పాఠశాలలో కూడా ఆరోగ్య పరిజ్ఞానం, స్థానిక ఆటలు, నడక, నాడి లెక్కింపు, యోగా వంటి లక్ష్యాలను ఇతర ఉపాధ్యాయులు నెరవేర్చవచ్చు. అయితే నైపుణ్య శిక్షణ, గాయాల నివారణలకు అర్హత గల ఉపాధ్యాయుడే అవసరం. కావున తాత్కాలిక ఏర్పాటును శాశ్వత ప్రత్యామ్నాయంగా భావించరాదు.

పోటీలు, క్రీడా పాఠశాలలు

1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడల సమాఖ్య ఆధ్వర్యంలో 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలలో పోటీలు జరుగుతాయి. మండల స్థాయి నుండి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల వరకు ఎంపిక ఉంటుంది. హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాలలో, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతీయ క్రీడా పాఠశాలలలో నాల్గవ తరగతిలో ప్రవేశాలకు ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలుచొని పొడవు దూకుడు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసురు, నిలువు దూకుడు, వంపుదనం పరీక్షలు నిర్వహిస్తూ వచ్చారు. ఇవి ప్రతిభాన్వేషణకు సంబంధించినవి. పతకాల సంఖ్య పాఠశాల గౌరవాన్ని పెంచుతుంది. కానీ పన్నెండు మంది జట్టు సాధించిన పతకం మిగిలిన మూడు వందల మంది విద్యార్థుల అభ్యసనానికి రుజువు కాదు. ప్రతిభాన్వేషణ కొందరి కొరకు, వ్యాయామ విద్య అందరి కొరకు అనే భేదాన్ని నివేదికలలోనూ, వార్తలలోనూ పాటించడం సముచితం.

తనిఖీ సందర్భంగా పరిశీలించదగిన అంశాలు

అధికారులు, పాత్రికేయులు పాఠశాలను సందర్శించినప్పుడు ఈ కింది ప్రశ్నల ద్వారా వాస్తవ స్థితిని తెలుసుకోవచ్చు.

1. కాలనిర్ణయ పట్టికలో వ్యాయామ విద్య పీరియడ్లు ఎన్ని ఉన్నాయి, గత నెలలో వాస్తవంగా ఎన్ని జరిగాయి?

2. తరగతి వారీగా అభ్యసన లక్ష్యాలు రాతపూర్వకంగా ఉన్నాయా?

3. విద్యార్థి వారీగా దారుఢ్య పరీక్షల నమోదు ఏడాదిలో కనీసం రెండుసార్లు జరిగినదా?

4. ఇచ్చిన గ్రేడుకు ఆధారమైన పరిశీలన పుస్తకంలో చూపగలరా?

5. క్రీడా గ్రాంటుతో కొన్న సామగ్రి నిల్వ రిజిస్టరులోనే ఉన్నదా, విద్యార్థుల చేతిలో ఉన్నదా?

6. పీరియడు జరుగుతున్నప్పుడు కూర్చొని ఉన్నవారు ఎందరు, వారిలో బాలికలు ఎందరు?

7. ఏ విద్యార్థినైనా పిలిచి నాడి లెక్కించి చూపమన్నచో చూపగలడా?

చివరి ప్రశ్నకు నిమిషం కంటే ఎక్కువ సమయం పట్టదు. రిజిస్టర్లన్నీ సక్రమంగా ఉండి, ఆ నాడి లెక్క రానప్పుడు లక్ష్యాలు కాగితానికే పరిమితమైనట్లు భావించవలసి ఉంటుంది.

పదవ తరగతి తరువాత ఈ జిల్లా విద్యార్థులలో కొందరు ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, ఐటీఐలకు, మరికొందరు గనులు, కర్మాగారాలు, వ్యవసాయ పనులకు వెళతారు. పోలీసు, సైనిక నియామకాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యేవారూ ఉంటారు. వీరిలో ఎక్కువమందికి శిక్షణ పొందిన ఉపాధ్యాయుని పర్యవేక్షణలో తమ శరీరం గురించి నేర్చుకునే చివరి అవకాశం ఉన్నత పాఠశాలే. ఆ అవకాశం సద్వినియోగమైనదా లేదా అన్నది మార్కుల పత్రంలోని గ్రేడు అక్షరం మాత్రమే చెప్పజాలదు. దాని వెనుక ఉన్న లక్ష్యం, పరిశీలన, నమోదు మాత్రమే చెప్పగలవు.